కోర్బీనియన్ ఇంటి టైము

ఈస్టర్ ఆదివారం పొద్దున కోర్బీనియన్ పాలు పితికి వంటింట్లోకి వచ్చేసరికి భార్య ట్రౌడల్ కోటు తొడుక్కుని సిద్ధంగా ఉంది. గోడ గడియారం ఎనిమిది చూపిస్తోంది.

"రాత్రి దేశమంతా గడియారాలు గంట ముందుకు తిప్పుకుంది. ఇప్పుడు తొమ్మిది. పదింటికి మనవరాలి బాప్తిస్మం. బిడ్డను ఎత్తుకోవాల్సిన జ్ఞానతండ్రివి నువ్వే కదా, కదులు" అంది.

"ఎండాకాలం టైము బెర్లిన్ వాళ్లకి, నా ఆవులకి కాదు. ఈ ఇంట్లో అది నడవదని నలభై ఏళ్లుగా చెబుతున్నా."

"ఫాదర్ గారు నీ ఆవుల్ని అడిగి పూజ మొదలెట్టరయ్యా!"

అతను వినకుండా దూడల దగ్గరికి వెళ్లిపోయాడు. ట్రౌడల్ పక్కింటి వాళ్ల కారెక్కింది.

కూతురు వ్రోని పాడి వదిలేసి పట్నంలో నర్సుగా చేరిందని రెండేళ్లుగా అతను ఆమెతో మాట్లాడటం లేదు. బిడ్డ పుట్టాక ఆమే దిగివచ్చి, జ్ఞానతండ్రిగా నాన్నే ఉండాలని కబురు పెట్టింది.

కోర్బీనియన్ తన పదింటికి చర్చి చేరాడు. జనం బయటికొచ్చేస్తున్నారు. మెట్ల మీద వ్రోని, చేతుల్లో బిడ్డ.

"మా మరిది ఎత్తుకున్నాడు. అయిపోయింది."

"పదికే వచ్చాను కదా..."

"నీ పదికి! చిన్నప్పుడు నీ గడియారం నమ్మి బడికెళ్లి ఎన్నిసార్లు గుమ్మం బయట నిలబడ్డానో తెలుసా? ఆవుల కోసమేలే అనుకున్నా. మరి రేపు పాల లారీ ఏ టైముకొస్తుంది నాన్నా?"

అతను టోపీ తీశాడు. జవాబు ఆమే చెప్పింది.

"కొత్త టైముకే. దానికోసం గంట ముందు లేస్తావు, ఏటా లేస్తూనే ఉన్నావు. లారీకిచ్చిన గంట నాకివ్వలేకపోయావు."

అతను ట్రౌడల్ వైపు చూశాడు. ఎప్పుడూ వెనకేసుకొచ్చే మనిషి తల తిప్పుకుంది.

"టైముదేం లేదమ్మా" అన్నాడు చివరికి. "పిలవగానే పరిగెత్తుకొస్తే నీ దగ్గర ఓడిపోయినట్టుంటుందని... పంతం."

వ్రోని ముఖం మెత్తబడలేదు. అయినా బిడ్డను అతని చేతుల్లో పెట్టింది. "పాలు పట్టాలి. ఐదు నిమిషాలే ఎత్తుకో."

బాప్తిస్మం నీళ్లకి తడిసిన బిడ్డ జుట్టు మీద గడ్డం ఆనించి కోర్బీనియన్ ఏడ్చాడు. వ్రోని చేతులు చాచగానే ఇంకాసేపు ఉంచమని అడగకుండా బిడ్డను ఇచ్చేశాడు.

ఆమె ఎదురుగా బాప్తిస్మం విందు ఏర్పాటు చేసిన భోజనశాల వైపు నడిచింది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి చూడకుండానే, అతను వచ్చేదాకా తలుపు తెరిచి పట్టుకుంది.