కప్పు మీద పుట్టుమచ్చ

వకుళ కుంచె కొనతో నీలం చుక్క పక్కన నారింజ చుక్క పెట్టింది. "నీలం సరి. నారింజ సరి. గడి నిర్దోషం," అంది నేత్రిక. పైకప్పుకు ముక్కు ఆనించి చుక్కలు లెక్కపెట్టడమే ఆ యంత్రం పని.

ఊరంతటినీ మూసిన ఈ కప్పు చిట్లితే కుజగ్రహం మీది కుజనగరిలో ఊపిరి ఉండదు. దాని మీద వేసే రంగే గాలిని ఆపే పూత. ఆరాక గీకకూడదు, చెరపకూడదు. ఆ శాసనం రాసింది ప్రధాన చిత్రకారుడు వేదాద్రి. ఇవాళ కప్పు నడిబొడ్డున ఆవిష్కరించబోయేదీ ఆయన ముఖమే. సిగ్గన్నా ఉండాలి!

వెనకటికి భూమి మీద కొందరు చిత్రకారులు రంగులు కలపడం మానేసి, చుక్కలుగా పక్కపక్కనే పెట్టి, కలిపే పని చూసేవాళ్ల కంటికి వదిలేశారు. విడిచుక్కలతో పూత గట్టిపడుతుందని కనిపెట్టింది వకుళ అక్క మృదుల. వేదాద్రి ఆ పద్ధతి తనదని చాటుకుని, ఆమె మీద దొంగని ముద్ర వేసి బయటి గనుల్లోకి తోయించాడు. అక్కడి ఎర్రధూళి ఆమె ప్రాణం తీసింది. వకుళ ఇంటిపేరు మార్చుకుని ఆయన దగ్గరే చేరింది. ఏడుస్తూ కూర్చోవడానికి మాత్రం కాదు.

వేదాద్రి పరంజా ఎక్కి వచ్చాడు. "ఏమ్మా, నా ముక్కు బాగా వచ్చిందా?"

"మీరే చూడండి సార్."

ఆయన దగ్గరగా వంగి చూశాడు. అన్నీ చుక్కలే. "భేష్! అమరిక కూడా యంత్రానికి వదిలేసుంటే శవంలా ఉండేది." అందుకే ఏ చుక్క ఎక్కడ పెట్టాలో మనిషి చేతికి వదిలేశాడు. ఎవరైనా కాపీ కొడతారన్న భయంతో కింద తెర కట్టించి, దూరం నుంచి ఎవర్నీ చూడనివ్వలేదు. వకుళకు ఒళ్లు మండిపోయింది. పైకి మాత్రం నవ్వింది.

ఇక మిగిలింది ఒక్క చుక్క. ఎడమ కంటి కింద పుట్టుమచ్చ. అది లేకపోతే చెయ్యి తప్పిందని బుకాయించొచ్చు. పెడితే తనకూ గనులే గతి.

పెట్టింది.

"గడి నిర్దోషం," అంది నేత్రిక. తెర జారింది.

కింద జనం హోరెత్తారు. వేదాద్రి మురిసిపోతూ చెయ్యెత్తాడు. అప్పుడు వినిపించింది ఓ ముసలావిడ కేక. "అమ్మో! మన మృదుల కదూ!"

"అవునే! ఆ పుట్టుమచ్చ చూడు!"

ఆయన తలెత్తాడు. చుక్కలే. పడుతూ లేస్తూ పరంజా దిగి, నేల మీంచి మళ్లీ చూశాడు. ముఖం పాలిపోయింది. "గీకెయ్యండి! ఇప్పుడే!"

"ఆరిన పూత గీకడం నిషిద్ధం. శాసనకర్త వేదాద్రి," అంది నేత్రిక.

"ఎవతివే నువ్వు?" అని పైకి అరిచాడు.

"మృదుల చెల్లెల్ని! గనులకు పంపు, పోతాను. నువ్వు మాత్రం తలెత్తినప్పుడల్లా మా అక్కను చూస్తూ చావు!"

కాపలావాళ్లు పరంజా వైపు కదల్లేదు. వేదాద్రి తల దించుకున్నాడు. జనం ఇంకా పైకే చూస్తున్నారు.