వేటనల్లికి ఇరవై రోజులు

క్రీ.శ. 2087 నాటికి కీసర ప్రాంతంలో ద్రాక్షపందిరి కింద మెడ ఎత్తి ఆకు తిప్పి చూసే పని ఎవరికీ లేదు. తీగలకు బిగించిన ‘ఆకుకన్ను’ ప్రతి ఉదయం ఆకుల అడుగుభాగాన్ని తెర మీద చూపించేది. రసం పీల్చే ఎర్రనల్లులు ఎన్నో, వాటిని తినే తెల్లటి వేటనల్లులు ఎన్నో చెప్పేది. ఎండలు ముదరగానే ఎర్రనల్లి పెరుగుతుంది. తిండి దొరికింది కనుక వేటనల్లి కూడా పెరుగుతుంది, కాకపోతే ఇరవై రోజులు ఆలస్యంగా. ఆ ఇరవై రోజులూ మనిషి చేయవలసింది ఏమీ లేదు.

శాస్త్రవేత్త వకుళకు తలనొప్పి అంతా అక్కడే. రైతు జంగమ్మ రెండేళ్లుగా సరిగ్గా ఆ మధ్యలోనే మందు కొట్టింది. వేటనల్లులు ముందు చచ్చాయి. మిగిలిన ఎర్రనల్లులు తోటను మాడ్చేశాయి. ఈసారీ పంట పోతే ఇక తీగలు పీకేయడమే.

“ఆకులు ఎర్రబడుతుంటె సూస్కుంట కూసోవాల్నా బిడ్డా? నేనేమన్న రాయినా?” అంది జంగమ్మ.

“ఊరికే ఉండటమే మందు అమ్మా! ఎన్నిసార్లు చెప్పాలి?”

“సదువుకున్నదానివి, నువ్వు ఊకుంటవు. తోట నాది గదా!”

వకుళకు విసుగెత్తింది. మరునాడు పందిరి గుంజకు ఒక మీట బిగించింది. నొక్కితే గొట్టాల్లోంచి బుస్సుమని తుంపర పడుతుంది. “కొత్త మందు. రోజుకు మూడుసార్లు నొక్కండి,” అంది. అది ఉత్త మంచినీళ్లు.

జంగమ్మ తప్పకుండా నొక్కింది. వకుళ రోజూ వచ్చి ఒకనాడు తుంపర సన్నం చేసింది, ఒకనాడు మీటకు ఎర్రదీపం పెట్టింది, మరొకనాడు గంట తగిలించింది. ఇరవై ఒకటో రోజున ఆకుకన్ను చెప్పింది: ఆకుకు ఎర్రనల్లులు రెండు, వేటనల్లులు ఐదు. గుత్తులు నిగనిగలాడుతున్నాయి.

వకుళ ఇక దాచలేకపోయింది. “అది నీళ్లే అమ్మా. తిట్టండి.”

“ఎర్కనే. మందైతే కంపు కొట్టదా? మొదటి దినమే ఎర్కైంది.”

“మరి అసలు మందు కొట్టలేదేం?”

“కొడ్దామనే పోయిన. గా తెరల సూస్తె తెల్లది ఎర్రదాన్ని పట్టి పీలుస్తాంది. పని జేసేటోడు జేస్తుంటె నడుమ నేనెందుకనుకున్న.”

“అయితే ఇన్నాళ్లూ మీట ఎందుకు నొక్కారు?”

జంగమ్మ నొసలు చిట్లించింది. “నీ కోసమే. నొక్కకుంటె నువ్వు ఊకుంటవా? దినాం ఏదో ఒకటి బిగిస్తివి. ఆ గంట మోతకు తల పగుల్తాంది. వచ్చే ఏడన్న నా తోట జోలికి రాకు తల్లీ!”

వచ్చే ఏడాది కోసం వారం రోజులు కష్టపడి చేసిన కొత్త యంత్రం వకుళ భుజాన సంచిలో ఉంది. అప్పటికే సగం తీసిన జిప్పును నెమ్మదిగా మూసేసింది.