జాడీ అడుగు ముద్ద

ఈ కథలో ఏది ముందో ఏది వెనకో నేను తారుమారు చేసి ఉండొచ్చు. తప్పంతా నా మతిమరుపుది మాత్రం కాదు. ఇందులో ఇద్దరు పిల్లలు ఒక ఇంట్లో ఏడాది ఉండడం ముందు అయిపోతుంది. ఆ ఇంట్లో పాలు పొంగించడం తర్వాత వస్తుంది.

హెల్మెట్ తీసేసరికి ఆదిలక్ష్మి కుడిచెయ్యి ఇంకా ముద్ద కలుపుతూనే ఉంది.

"అయిపోయిందమ్మా, కళ్ళు తెరువు. పదకొండు నిమిషాలు పట్టింది," అన్నారు డాక్టర్ కమలాకరం.

"ఏడాది పట్టిందండీ," అంది ఆది, ఖాళీ చేతిని చూసుకుంటూ.

ఆ యూనివర్సిటీలో ఎనభై వేలమంది చదువుతారు. క్యాంపస్ చుట్టూ ఇద్దరిద్దరు ఉండే ఫ్లాట్లు వేలల్లో లేచాయి. లిఫ్టు, మంచినీళ్ళు, బస్టాపు చూసుకుని జూన్‌లో చేరినవాళ్ళు దసరాకల్లా తగువులాడి పెట్టెలు సర్దుకునేవాళ్ళు. "వంకాయ కొనేముందు గిల్లి చూస్తాం. ఇల్లు గిల్లి చూసే దారి లేదా?" అని ఆలోచించి కమలాకరంగారు చేసిందే ఈ యంత్రం. ఒకే ఫ్లాటు అడిగిన ఇద్దరి స్వభావాలనీ, వెంట తెచ్చుకునే సామాన్లనీ కంప్యూటర్‌కి ఇస్తారు. అది వాళ్ళిద్దరినీ ఆ ఫ్లాటులో ఏడాది నడిపించి, ఆ జ్ఞాపకాన్ని హెల్మెట్ ద్వారా ఇద్దరి మెదళ్ళలోనూ పెడుతుంది. దాని అసలు పేరేదో పొడుగ్గా ఉంటుంది. పిల్లలు మాత్రం 'పాలపొంగు' అంటారు.

ఆదిది పాలకొండ. మొదటి ఏడాది హాస్టల్లో ఒంటరి గది దొరికింది. గోడకి ఎదురుగా కూర్చుని తినేది. శుక్రవారం క్లాసయ్యాక నోరు విప్పే పనిలేక, సోమవారం హాజరు పలికేటప్పుడు తన గొంతు తనకే బొంగురుగా వినబడేది. ఈసారి ఇల్లు ఎలా ఉన్నా సరే, పక్కన ఒక మనిషి ఉండాలనుకుంది.

ఆ యంత్రంలోనే ఐదు ఫ్లాట్లు చూసింది. లైబ్రరీ ఎదురుగా ఉన్న ఫ్లాటులో జతగా వచ్చిన అమ్మాయి ఉప్పు డబ్బా మీద కూడా తన పేరు రాసుకుంది. ఆ ఏడాదంతా ఉప్పు గురించే తగువు. అది తెగకుండానే హెల్మెట్ తీసేశారు.

ఆరోది మూడో అంతస్తు. గోడలకి చెమ్మ, ఆరేసిన బట్టలు ఆరవు, క్యాంపస్‌కి నలభై నిమిషాల నడక. అక్కడ నర్సాపురం మెర్సీ ఉంది.

"ఏమే పాలకొండా, మీ అమ్మ ఆవకాయలో కారం వేసిందా, మందుగుండు కూరిందా?"

"రొయ్యలు తినే నోటికి ఆవకాయ విలువ ఏం తెలుస్తుందిలే!"

ఇలా రోజూ దెప్పుకుంటూనే ఆవకాయ జాడీ అడుగంటించారు. ఏడాది చివరి రోజున మెర్సీ ఖాళీ జాడీలో వేడన్నం వేసి, అంచులకి అంటిన గుజ్జంతా కలిసేలా తిప్పి, రెండు ముద్దలు చేసింది. పెద్దది ఆది చేతిలో పెట్టింది. సరిగ్గా అప్పుడే డాక్టరుగారు హెల్మెట్ తీశారు.

"ఈ ఫ్లాటే కావాలండీ."

"చెమ్మ కదమ్మా?"

"ఉంటే ఉందండీ."

జూన్‌లో ఆది ఇల్లు కడిగి, పాలు పొంగించి, తలుపు మీద సుద్దముక్కతో ఇద్దరి పేర్లూ రాసింది. నిండు జాడీ అలమరలో పెట్టింది. ఆదివారం పొద్దున్న మెర్సీ వచ్చింది. వస్తూనే వాటేసుకుంది.

"ఎన్నాళ్ళయిందే నిన్ను చూసి!"

నిజానికి వాళ్ళు కలుసుకోవడం అదే మొదలు.

"సామాన్లేవే?" అంది ఆది.

"నేను వేరే చోట తీసుకున్నానే. ఒక్కదాన్నే ఉంటా."

"మన ఏడాది నీకు నచ్చలేదా?"

"నచ్చకపోవడమేంటి! అంత మంచి ఏడాది మళ్ళీ రమ్మన్నా రాదు. ఇప్పుడు మొదలెట్టి దాన్ని పాడు చేసుకుంటామా?"

ఆది పరుగున వెళ్ళి జాడీ తెచ్చింది. "ఇదిగో, వాసెన గుడ్డయినా విప్పలేదు."

మెర్సీ జాడీని ప్రేమగా నిమిరింది. "దీన్ని మనం ఖాళీ చేసేశాం కదే," అంది. కాసేపు కూర్చుని, కళ్ళు తుడుచుకుని, వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఆది ఒక్కతే అన్నంలో ఆవకాయ కలుపుకుంది. కారం నషాళానికి అంటింది. ఎవరూ వెక్కిరించలేదు. ఒక్క మనిషి తింటే ఆ జాడీ రెండేళ్ళు వస్తుంది.

మర్నాడు డాక్టరుగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన ముఖం అప్పటికే వాడిపోయి ఉంది.

"నువ్వొక్కదానివే కాదమ్మా. బాగా కుదిరిన జంటలన్నీ ఇలాగే విడివిడిగా ఉంటున్నాయి. వాళ్ళ స్నేహం నిండిపోయిందట. తగువు తెగనివాళ్ళే పంతానికి ఒక ఇంట్లో చేరుతున్నారు." హెల్మెట్ చేతిలోకి తీసుకుని అన్నారు, "కావాలంటే ఆ ఏడాదిని తుడిచేస్తాను. బాధ ఉండదు."

"వద్దండీ. మెర్సీ దారిలో ఎదురై పలకరిస్తే, ఎవరో అని చూస్తానేమో."

గుమ్మందాకా వెళ్ళిన ఆది వెనక్కి తిరిగింది.

"డాక్టరుగారూ, ఆ ఉప్పు డబ్బా అమ్మాయికి ఇల్లు దొరికిందా?"

"ఇంకా వెతుకుతోంది. ఏమ్మా?"

"ఒకసారి మా ఇంటికి రమ్మనండి. మా తగువు ఇంకా తెగలేదు."

సుందరీ, నా కథలకి సాఫీ ప్రతి రాసేది నువ్వే కదా, పేర్లు ఒకసారి సరిచూడవే. కమలాకరంగారో కరుణాకరంగారో నువ్వే తేల్చాలి. ఆదిలక్ష్మి, మెర్సీ సరిగ్గానే పడ్డాయనుకుంటాను. ఆ ఉప్పు డబ్బా పిల్ల పేరే ఎంతకీ గుర్తుకు రావడం లేదు. నీకు తెలిస్తే రాసి పెట్టు. ఆది తలుపు దగ్గర సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉంది.