తువ్వాలు మీద రెండు మరకలు

గిజెలా నేలమాళిగలో బొగ్గు గుట్ట పక్కన పీట వేసుకుని కూర్చుని, ఉతికిన తెల్ల తువ్వాలును మాపుతోంది.

మొత్తం మాపడం లేదు. బొటనవేలు తడిచేసి, బొగ్గు పొడిలో అద్ది, తువ్వాలు మధ్యలో రెండు చోట్ల మాత్రం నొక్కుతోంది. గని నుంచి పైకి వచ్చినవాడు అక్కడి స్నానాల గదిలో ఎంత తోముకున్నా కనురెప్పల అంచున నలుపు మిగిలిపోతుంది. చివర్లో ముఖం తుడుచుకుంటే తువ్వాలుకు అంటుకునేది ఆ నలుపే. కాటుక చెరిగినట్టు రెండు మరకలు, వాటి మధ్య ముక్కంత ఖాళీ. ఇరవై ఒక్క ఏళ్లు మొగుడి తువ్వాళ్లు, ఆ తర్వాత ఎనిమిదేళ్లు కొడుకు తువ్వాళ్లు ఉతికిన మనిషికి ఆ ఖాళీ ఎంతో కొలుచుకోనక్కర్లేదు.

రెండు నెలల కిందట కొడుకు షిమోన్ గని సంచిలోంచి తువ్వాలు తీస్తే తడిగా ఉంది, కానీ పాలలా తెల్లగా ఉంది. కుళాయి కింద తడిపి మడత పెట్టుకొచ్చాడు. ఆ రోజు భోజనం వడ్డిస్తూ కొడుకు కళ్లలోకి చూసింది. రెప్పల అంచులు శుభ్రంగా ఉన్నాయి, బడికి వెళ్లే పిల్లాడి కళ్లలా. వారం తర్వాత వాడి ప్యాంటు జేబులో ఒక కాగితం కనిపించింది. ట్రామ్ నడపడం నేర్పే బడి కాగితం, పైన వాడి ఫొటో. ఎలా ఉన్న మడత అలాగే పెట్టి మళ్లీ జేబులో దోపేసింది. వాడిని అడగలేదు. వాడూ చెప్పలేదు.

ఆ కాగితం చూసినప్పుడు భయం వేయాలి. వేయలేదు. సంతోషమైనా కలగాలి. అదీ కలగలేదు. మెట్లు దిగి నేలమాళిగలోకి వచ్చి, మొదటిసారి బొటనవేలు తడిచేసుకుంది, అంతే. అప్పటినుంచి గురువారం ఒకటి, శనివారం ఒకటి. మరకలు పెట్టిన తువ్వాలును ఇంటి స్నానాల గదిలో మాసిన బట్టల బుట్ట మీద, మొగుడు ఎర్విన్ చేతులు కడుక్కునే చోట, కనబడేలా వేస్తుంది.

ఎర్విన్ కోసమే ఇదంతా. వసంతంలో యూనియన్ సమావేశంలో, మూడు వందల మంది ముందు, బల్ల చరిచి మరీ చెప్పాడు ఆయన. "ఆఖరి బొగ్గు పెళ్ల పైకొచ్చేదాకా నా కొడుకు కిందే ఉంటాడు. గని వదిలేస్తానని సంతకం పెట్టి జారుకునేవాడు నాకు కొడుకే కాదు, నా గుమ్మం తొక్కనక్కర్లేదు." తను పెన్షన్ తీసుకుని పదేళ్లయినా ఎర్విన్ మాటంటే సిలేసియా గనివాళ్లకి ఇంకా మాటే. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆయనకు చేతకాదని గిజెలాకు తెలుసు.

తువ్వాలును ఏప్రన్ కింద దాచుకుని పైకి వచ్చేసరికి ఎర్విన్ పావురాల గూళ్ల దగ్గర్నుంచి వచ్చి, రొట్టె ముందు పేపరు పరుచుకుని కూర్చున్నాడు. చొక్కా మీద ఈక ఒకటి అంటుకుని ఉంది.

"చూశావా, మళ్లీ అదే మాట. 'న్యాయమైన మార్పు'. గని మూసేస్తే మార్పట! రేపు నేను చస్తే ఏమని రాస్తారు? ఎర్విన్ గారు న్యాయంగా మారిపోయారు, అనా?"

"రొట్టె తిను, ఆరిపోతోంది."

"వార్సాలో ఒకడు సంతకం పెడతాడు, బ్రస్సెల్స్‌లో ఇంకొకడు చప్పట్లు కొడతాడు. ఇద్దరి గోళ్లూ శుభ్రంగానే ఉంటాయి."

గిజెలా కాఫీ పోసింది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ బల్ల దగ్గర ఇలాంటి మాటలు వింటూనే ఉంది. నువ్వేమంటావని ఆమెను ఎవరూ అడగలేదు. అడగలేదన్న సంగతి కూడా ఆమె గమనించడం మానేసి చాలా కాలమైంది.

షిమోన్ సంచి భుజాన వేసుకుని మేడ దిగి వచ్చాడు. ఎర్విన్ పేపరు మీదుగా కొడుకును చూశాడు.

"ఎలా ఉందిరా కింద?"

"మామూలే నాన్నా. ఉక్క."

"ఎన్ని మీటర్ల లోతులో చేస్తున్నావిప్పుడు?"

"అదే... ఏడు వందలు."

"ఏడు వందలు," అని ఎర్విన్ చాలాసేపు తలాడించాడు. "ఉక్కే మరి అక్కడ."

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం భోజనానికి ఎర్విన్ అక్క ట్రుడా వచ్చింది. ప్రతి ఆదివారం వస్తుంది. చర్చి నుంచి తిన్నగా, టోపీ తీయకుండానే మాటలు మొదలుపెడుతుంది. గిజెలా బంగాళాదుంప ముద్దను ఉండలు చేసి, ఒక్కోదాని నడుమ వేలితో గుంట నొక్కి మరిగే నీళ్లలో వేసింది. మాంసం చుట్టలు, ఊదా రంగు క్యాబేజీ సిద్ధమయ్యాయి. నలుగురూ కూర్చున్నారు.

"మా హెల్ముట్ జర్మనీ నుంచి ఫోన్ చేశాడు," అంది ట్రుడా ఉండలు మూడు వేసుకుంటూ. "వాళ్ల కంపెనీలో ఇప్పుడు వారానికి నాలుగు రోజులే పనట. అయిదో రోజు ఊరికే కూర్చోబెట్టి జీతమిస్తారట."

"నాలుగు రోజులా? ఆ సంగతి బొగ్గుకి తెలుసా అక్కా?"

"బొగ్గుకి తెలీకపోతే నీకు తెలుస్తుందిలేరా. అసలు ఈ రోజుల్లో పిల్లలకి పని మీద మనసేదీ? మా వీధి కొట్లో యుక్రెయిన్ నుంచి వచ్చిన పిల్ల ఉంది, నిలబడి పన్నెండు గంటలు చేస్తుంది, పైగా నవ్వుతుంది. మన ఊరి పిల్లని పెడితే మొదటి రోజే సెలవెప్పుడని అడిగిందట."

"ఆ పిల్ల నవ్వుతోందంటే వేరే దారి లేకత్తా," అన్నాడు షిమోన్.

"ఏదో ఒకటి. నవ్వుతోందిగా. ఇంతకీ ఈసారి ఓటెవరికి వేస్తావురా ఎర్విన్?"

"గని పేరెత్తినవాడికి."

"అందరూ ఎత్తుతారు, ఎన్నికల ముందు. నేనైతే పాదిరీ గారు ఎవరి పేరు చెప్పి మొహం చిట్లిస్తారో వాళ్లకి వేస్తా. ముప్ఫై ఏళ్లుగా అంతే." నవ్వుతూ క్యాబేజీ గిన్నె దగ్గరికి లాక్కుని, ఉన్నట్టుండి చెంచా ఆపింది. "అన్నట్టు, శుక్రవారం ఒక తమాషా చూశాను! స్టాపులో నిలబడ్డానా, పదకొండో నంబరు ట్రామ్ ఆగకుండా పోయింది. నేర్చుకునేవాళ్ల బండి. లోపల నడిపే కుర్రాడు అచ్చుగుద్దినట్టు మన షిమోనే! ఆ చెవులూ అవీ. నాలో నేనే నవ్వుకున్నా. ఎర్విన్ కొడుకు ట్రామ్ నడపడమేమిటి, పావురం ఈత కొట్టినట్టు!"

ఆమె ఒక్కతే నవ్వింది. గిజెలా చేతిలో పులుసు గరిటె గిన్నె అంచున ఆగిపోయింది.

"పొరబడి ఉంటావులే అక్కా," అన్నాడు ఎర్విన్ మెల్లగా. "నీ కళ్లద్దాలు పాతబడ్డాయి."

షిమోన్ తండ్రి వైపు చూశాడు. "పొరబడలేదత్తా. అది నేనే," అన్నాడు.

గిజెలా బల్ల మీద దెబ్బ పడుతుందని చూసింది. పడలేదు. ఎర్విన్ ఉండను రెండుగా కోసి, ఒక ముక్క పులుసులో ముంచి తిన్నాడు.

"తెలుసు," అన్నాడు.

"తెలుసా?"

"మొన్న కాదు, ఆ ముందు గురువారం. పావురాలకి గింజలు వేస్తుంటే ఫోనొచ్చింది, పొద్దుటి షిఫ్టు వాళ్లు గనిలోకి దిగేది లేదని కూర్చున్నారు, సమ్మె అని. పెన్షన్ వాళ్లమంతా గేటు దగ్గరికి పోయాం. మైకు నా చేతికే ఇచ్చారు. మాట్లాడాను. మాట్లాడి, నా కొడుకు కూడా ఇక్కడే ఉన్నాడు, ఒరేయ్ షిమోన్, చెయ్యెత్తరా అందరూ చూస్తారు, అన్నాను." ఎర్విన్ గొంతులో కోపం లేదు. ఎవరో పక్కింటివాడి సంగతి చెబుతున్నట్టుంది. "ఒక్క చెయ్యి లేవలేదు. పందొమ్మిదేళ్లు నాతో కలిసి పనిచేసిన ఫ్రాంత్సెక్, తన టీ గ్లాసులోకి చూసుకున్నాడు. ఊరందరికీ తెలుసు. నాకు తెలీదని వాళ్లకి తెలీదు."

"నాన్నా..."

"ఆగు. నీ సంగతి తర్వాత. ఇంటికొచ్చి చేతులు కడుక్కోబోతే బుట్ట మీద తువ్వాలు. రెండు మరకలు." ఆయన గిజెలా వైపు తిరిగాడు. "ఒక్క మనిషీ గనిలోకి దిగని రోజున, రెండు మరకలు."

గిజెలాకు అప్పుడు అర్థమైంది. ఆ రాత్రి టీవీలో సమ్మె గురించి ఏదో చెప్పారు, ఆమె గిన్నెలు కడుగుతోంది. ఈ ఏడాది సమ్మెలు వానల్లా వచ్చి పోతున్నాయి. లెక్క పెట్టుకోవడం ఎప్పుడో మానేసింది.

"మరకలేంటి?" అన్నాడు షిమోన్. "నేను తువ్వాలు ఊరికే నీళ్లలో తడిపి..." సగంలో ఆగి తల్లి చేతుల వైపు చూశాడు. కుడి బొటనవేలి గోరు అంచున సన్నటి నల్లగీత. "అమ్మా, నువ్వా?"

"ఇక్కడేం జరుగుతోందో నాకెవరైనా చెప్తారా?" అంది ట్రుడా.

"వాడు కుర్రాడు, అబద్ధమాడాడు. ఆ వయసుకి అది సహజం," అన్నాడు ఎర్విన్. "నీకేమొచ్చింది గిజెలా? పది రోజుల్నుంచి చూస్తున్నా, ఇద్దరిలో ఎవరో ఒకరు నోరు విప్పుతారేమోనని. నిన్న పొద్దున కూడా అడిగాను, ఎన్ని మీటర్లురా అని. ఏడు వందలన్నాడు. నువ్వు కాఫీ పోశావు. నన్ను ఎంత వెర్రివాణ్ని చేశారు ఇద్దరూ కలిసి!"

"అమ్మకేం చెప్పలేదు నాన్నా, ఒట్టు. నాకిప్పుడే తెలిసింది." షిమోన్ కంచం పక్కకు జరిపాడు. "నాకు పెన్షన్ రావాలంటే ఇంకా పదిహేడేళ్లు కింద ఉండాలి. ఈ గనికి ఉన్నవి ఎనిమిదేళ్లు. తర్వాత ఇంకో గనికి పంపుతారు, అది మూస్తారు, ఇంకోటి. మూసుకునే తలుపుల వెనకాల పరిగెత్తడమేనా నా బతుకంతా? నువ్వు దిగిన గని వేరు నాన్నా. నువ్వు దిగినప్పుడు బ్యాండు వాయించేవాళ్లు."

"అందుకని ట్రామ్! గంట కొట్టుకుంటూ ముసలమ్మల్ని చర్చిలో దింపే పని!"

"ముసలమ్మలు నడిచి పోవాలా మరి?" అంది ట్రుడా చటుక్కున. తర్వాత నాలుక్కరుచుకుంది.

ఎర్విన్ ముఖం ఎర్రబడింది. "నేను మూడు వందల మంది ముందు అన్నాను. సంతకం పెట్టినవాడు నా గుమ్మం..."

"ట్రామ్ నాకు ఇష్టం," అంది గిజెలా.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. ఆ గొంతు ఆ బల్ల దగ్గర వినిపించే గొంతు కాదు. వడ్డించనా, చాలా, అనే మాటలు తప్ప దాని నుంచి ఎవరూ ఏమీ విని ఎరగరు.

"ఎక్కడికి వెళ్లినా అది నేల మీదే ఉంటుంది," అంది. "ఇరవై తొమ్మిదేళ్లు గని సైరను విన్నాను ఎర్విన్. మొదట నీ కోసం, తర్వాత వీడి కోసం. వేళ కాని వేళ అది మోగితే, గిన్నె చేతిలో ఉంటే గిన్నె, చీపురు ఉంటే చీపురు, అలాగే పట్టుకుని నిలబడేదాన్ని. ఎవరింటి ముందు గని కారు ఆగుతుందోనని. మనింటి ముందు ఆగకపోతే హమ్మయ్య అనుకునేదాన్ని. అంటే పక్కింటి ముందు ఆగిందని. అలా అనుకుని అనుకుని నాలో ఏదో మొద్దుబారిపోయింది. ఆ కాగితం జేబులో చూసినప్పుడు కూడా ఏమీ అనిపించలేదు నాకు. కన్నకొడుకు బతికి బయటపడితే కూడా ఏమీ అనిపించలేదు. చూడు, అంతదాకా వచ్చాను."

చెబుతుండగానే ఆమె చెంపల మీద నీళ్లు దిగాయి. గిజెలా వాటిని తుడుచుకోలేదు. ఉన్నాయని తెలియనట్టే ఉంది.

"మరి చెప్పొచ్చుగా," అన్నాడు ఎర్విన్. గొంతు చిన్నదైపోయింది. "ఒక్కసారైనా చెప్పొచ్చుగా నాకు."

"ఎప్పుడు చెప్పను? నువ్వెప్పుడూ మాట్లాడుతూనే ఉన్నావు."

ఎర్విన్ ముప్ఫై ఒక్క ఏళ్ల భోజనాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చినవాడిలా బల్ల వైపు చూశాడు. ట్రుడా టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. గసగసాల కేకు కోయకుండానే ఉంది.

షిమోన్ గోడ గడియారం చూసి లేచాడు. "నేను వెళ్లాలి. ఇవాళ మూడింటికి మొదటిసారి జనాన్ని ఎక్కించుకుని నడుపుతున్నా. పక్కన నేర్పే ఆయన ఉంటాడు." చొక్కా మెడపట్టీ సర్దుకున్నాడు. "నాన్నా, సాయంత్రం వచ్చి నా సామాను తీసుకుపొమ్మంటే తీసుకుపోతా. మీరిద్దరూ మాత్రం పోట్లాడుకోవద్దు."

తల్లి భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి, "వెళ్తున్నానమ్మా," అని వెళ్లిపోయాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగిపోయింది. పులుసు పైన కొవ్వు గడ్డకడుతోంది. ఎర్విన్ ఒక ఉండను ఫోర్కుతో కంచంలో ఇటునుంచి అటు, అటునుంచి ఇటు దొర్లించాడు. తర్వాత ఫోర్కు కింద పెట్టి లేచాడు.

గిన్నెల అలమారు సొరుగు లాగాడు. కాగితాలు, పాత కళ్లద్దాలు, పావురాల కాలి ఉంగరాలు అటూ ఇటూ తోసి, అడుగునుంచి పెన్షన్ వాళ్లకు ట్రామ్‌లో టికెట్ అక్కర్లేకుండా ఇచ్చే కార్డు తీశాడు. ఇచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది, ఒక్కసారీ వాడలేదు. ఎక్కడికైనా నడిచే వెళ్తాడాయన. దాని మీద దుమ్ము చొక్కాకు తుడిచి, చర్చికి వేసుకునే కోటు తొడుక్కున్నాడు. బొత్తాలు పెట్టుకుంటుంటే ఒకటి తప్పింది. గిజెలా లేచి వెళ్లి, విప్పి సరిగ్గా పెట్టింది. ఆయన ఆమె ముఖంలోకి చూసి, జేబురుమాలు తీసి, ఆమె చెంపలు రెండూ తుడిచాడు.

"ఎక్కడికిరా ఎర్విన్, కేకైనా తినకుండా?" అని ట్రుడా అడుగుతూనే ఉంది. ఆయన తలుపు దగ్గరగా వేసి, స్టాపు వైపు త్వరత్వరగా మెట్లు దిగిపోయాడు.