అన్న రాసిన పదకొండు ఫంక్షన్లు

“ఒక్క కమాండ్ కొట్టడానికి మూడు వారాలుగా మీ కోసం కాచుకు కూర్చున్నాను. ఇక్కడికి వచ్చేది పని చేయడానికా, కిటికీలోంచి వాన చూడడానికా?”

బ్లడ్ బ్యాంక్ ఆఫీసులో అందరూ తలలెత్తారు. అరిచినావిడ పేరు ఆఫీసులో గేట్‌కీపర్. ఆమెకు తెలియకుండా డేటాబేస్‌లోకి చీమ కూడా దూరదు. తిట్లు తింటున్న ప్రోగ్రామర్‌ను మౌని అంటారు. “టీ తాగుతారా?” అంటే “అవును”, “చక్కెర వేయాలా?” అంటే “వద్దు”. ఆ రెండు ముక్కల కోసమే ఆమె రోజూ అతని బల్ల దాకా వెళ్ళేదన్న సంగతి ఎవరికీ తెలియదు.

రక్తం కావాలని కబురు రాగానే దాతల్ని వెతికే ఫంక్షన్లన్నీ ఏదో పాత కంప్యూటర్ భాషలో రాసి ఉన్నాయి. కొత్త సర్వర్‌కు మారేలోగా ఆ భాషను డేటాబేస్‌లోంచి తీసేయాలి. డ్రాప్‌లాంగ్ అని ఒక్క లైన్ కొడితే చాలు. కానీ ఆ భాషలో ఒక్క ఫంక్షన్ మిగిలినా ఆ కమాండ్ ససేమిరా అంటుంది. పదకొండింటిలో పది మౌని తిరగరాశాడు. అరుదైన గ్రూపుల దాతల్ని వెతికే చివరిది మాత్రం ఇవ్వడం లేదు.

మౌని కుర్చీ వెనక్కి తోశాడు. లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ఒళ్ళు మండి ఆమె తానే ఆ ఫంక్షన్ తెరిచింది. రాసినవాడి ఇంటిపేరు, మౌని ఇంటిపేరు ఒకటే. ఆమె పక్క గదిలోని ల్యాబ్ ఆయన్ని అడిగింది.

“వాళ్ళన్నయ్యేనమ్మా. ఇక్కడే చేసేవాడు, ఆ పదకొండూ అతనే రాశాడు. పోయినేడు యాక్సిడెంట్. తనది అరుదైన గ్రూపు. తను రాసిన ఫంక్షనే దాతల్ని చూపించింది. అందరికన్నా దగ్గరున్నవాడు వచ్చేసరికి అంతా అయిపోయింది.”

మౌని మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. వాన జల్లు మోకాళ్ళ దాకా తడిపేసింది. ఆమె పక్కన కూర్చుంది.

“తెలియక నోరు పారేసుకున్నాను.”

“ఫంక్షన్ రాసేశానండీ.” మొదటిసారి అతని గొంతు సాగింది. “పాత రిక్వెస్టులన్నిటి మీదా టెస్ట్ చేయాలి. అందులో అన్నయ్యది కూడా ఉంది. దగ్గర్లో ఇంకో దాత ఉండి, వాడి కోడ్ వదిలేసిందని తేలితే? వాడి తప్పు వల్లే వాడు పోయాడని వదినకు నేనెలా చెప్పను?”

ఆమె లేచి నిలబడింది. “పదండి, నేను రన్ చేస్తాను. మీరు పక్కనుంటే చాలు” అంది.

లోపలికొచ్చి కొత్త ఫంక్షన్‌లో యాక్సిడెంట్ రోజు తేదీ కొట్టింది. అతను కళ్ళు మూసుకున్నాడు. స్క్రీన్ మీద నలుగురు దాతలు వచ్చారు. ఆమె పాత జాబితా పక్కన పెట్టి ఒక్కో పేరూ సరిచూసింది.

“అదే నలుగురు. అదే వరస. అంతకన్నా దగ్గర్లో ఎవరూ లేరు. మీ అన్నయ్య తప్పేమీ చేయలేదు.”

అతను బల్ల మీద తల వాల్చి ఏడ్చాడు. ఆమె అతని వీపు మీద చెయ్యి వేసి, అలాగే ఉంచింది.

చాలాసేపటికి అతనే ముఖం తుడుచుకుని, కొత్త ఫంక్షన్ ఎక్కించి, “ఇప్పుడు కొట్టండి” అన్నాడు. ఆమె డ్రాప్‌లాంగ్ కొట్టింది. అడ్డు చెప్పే మెసేజీ ఏదీ రాలేదు. వాళ్ళన్న వాడిన భాష డేటాబేస్‌లో ఇక లేదు.

అతను వదినకు ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. అవతల ఏడుపు ఆమెకూ వినిపించింది. తర్వాత, నీ పక్కన ఉన్నదెవరని ప్రశ్న. మౌని తడబడుతూ ఆమె వైపు చూశాడు.

“పక్కనున్నది... నాకు కావలసిన మనిషి వదినా. తనకింకా చెప్పలేదు.”

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఫోన్ ఆమె చేతికొచ్చింది.

“వాడు ఏడాదిగా ఇంట్లో సరిగా తినడం లేదమ్మా,” అంది వదిన బొంగురు గొంతుతో. “ఇవాళ నువ్వే తీసుకురా. ముగ్గురం కలిసి తిందాం.”

“వస్తానక్కా,” అంటూ గేట్‌కీపర్ రెండో చేత్తో అతని చెయ్యి పట్టుకుంది.