గద్దలకోన ఎర్రరాయి

రాగిరేకు కొలిమి అడుగున దొరికింది. మూడు తరాలుగా బిందెలు, గుడిగంటలు పోసిన ఆ కొలిమిని పెకలించి, పనిముట్లు అమ్మేసి, లారీ తోలుకోవడానికి పోతానని తమ్ముడు హంపాచారి గడ్డపార ఎత్తిన రోజే దొరికింది. బెత్తెడు రేకు. దాని మీద తాత చెక్కిన గుర్తులు: గద్దలకోన, చీలిన బండ, లోపల ఎర్ర చార.

"కొండ కడుపు నిండా రాగి ఉండాదిరా," అన్నాడు అన్న సోమాచారి. "మన కొలిమి మళ్లీ మండుతాది."

తల్లి పోయాక తన చేతులతో పెంచిన తమ్ముడు వాడు. సోమాచారికి పెళ్లాం లేదు, పిల్లలు లేరు. వాడు గడప దాటితే ఆ ఇంట్లో ఇక మిగిలేది గోడలే. రాగి దొరికితే తమ్ముడు ఉంటాడు, దొరక్కపోతే పోతాడు. సంగతంతా అంతే.

"అది రాగైతే ఉంటా," అన్నాడు హంపాచారి. "కాకుంటే నన్ను ఆపొద్దు."

మూడోనాడు పొద్దున్నే నల్లమలలో దిగారు. దారి చూపడానికి వచ్చిన చెంచు బయ్యన్న కొడవలితో వెదురు కంప నరుకుతూ ముందు నడిచాడు. ముళ్లు పంచెలు చీల్చాయి, బండల మీద కాళ్లు జారాయి. ఒకచోట ఎలుగు పెంట ఇంకా వెచ్చగా ఉంది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి పొద చుట్టూ తిరిగిపోయారు. మధ్యాహ్నానికి కోన అంచుకు చేరితే, చీలిన బండ వాళ్ల కాళ్ల కింద ఇరవై నిలువుల లోతున కనబడింది.

బయ్యన్న తేనెపట్లు దించే తాడు విప్పి చెట్టుకు కట్టాడు. "మా తాడు బామ్మర్దే పట్టాల. సొంత తమ్ముడైనా పట్టగూడదు. ఇయ్యాలకు మీరిద్దరూ నాకు బావలు," అన్నాడు. కిందికి చూసి గొంతు తగ్గించాడు. "ఆ బండలో ఊరే నీళ్లు మేం తాగం బావా. పిట్ట గూడా తాగదు."

సోమాచారి వినిపించుకోలేదు. ఆశ ఉన్నవాడికి చెవులుంటాయా?

బయ్యన్న పైన తాడు పట్టుకుంటే అన్నదమ్ములిద్దరూ కిందికి దిగారు. బండ చీలికలో బోర్లా పడుకుని పాకాల్సి వచ్చింది. పది బారలు పాకాక చిన్న గుహ. హంపాచారి కాగడా ఎత్తగానే గోడలో జానెడు వెడల్పు చార మెరిసింది. కొత్తగా తోమిన రాగి చెంబు రంగు. దాని అంచుల వెంబడి జామకాయ రంగు పచ్చపొర.

"అన్నా, రాగే," అన్నాడు హంపాచారి.

సోమాచారి సుత్తి వేశాడు. చార పెళ్లున పగిలి ముక్కలు రాలాయి. ఎక్కడో వెల్లుల్లి నలిపినట్టు వాసన వచ్చింది. ముక్కను అరచేతిలో పెట్టుకుంటే చెయ్యి కిందికి లాగింది. రాగిలా మెరిసేది దెబ్బకు సాగాలి గాని పగలకూడదు. రాగి చిలుము పచ్చదనం ఇంత లేతగా ఉండదు. ముప్పయ్యేళ్లు లోహం పోసినవాడి ముఖం ఒక్క క్షణం మారింది. అయినా రెండు ముక్కలు ఏరి మొలలో కట్టుకున్నాడు.

చదువుకున్నవాళ్లు ఆ రాయిని నికెలైన్ అంటారు. నికెల్ అనే లోహమూ, పాషాణమనే విషమూ కలిసి గట్టిపడ్డ రాయి. వెండి, కోబాల్టు రాళ్లున్న చారల్లో అక్కడక్కడా పుడుతుంది. రంగు చూసి పరదేశపు గనివాళ్లు కూడా వెనకటికి మోసపోయి, ఇది దయ్యం పని అని తిట్టుకున్నారట. అందులో రాగి లేదు. చెమ్మ తగిలితే పచ్చపొర కడుతుంది, నిప్పు తగిలితే లోపలి పాషాణం తెల్లపొగై లేస్తుంది. ఇదంతా ఆ గుహలో ఆ ఇద్దరికీ ఎవరు చెప్పాలి?

వాళ్ల వంశంలో ఒక ఆచారం ఉంది. కొత్త రాయిని దొరికిన చోటే బొగ్గుల మీద కాల్చాలి. ఇంటి చిన్నవాడు ఊదుగొట్టంతో ఊదాలి. లోహం చుక్క కారేదాకా లేవకూడదు. మధ్యలో లేచినా, నిప్పుకు కాలు తగిలినా ఆ వంశానికి ఇక కొలిమి ఉండదు.

"కూర్చో," అన్నాడు సోమాచారి.

వెంట తెచ్చిన బొగ్గు రాజుకుంది. హంపాచారి బుగ్గలు ఉబ్బించి ఊదాడు. రాయి ఎర్రబడింది. వెల్లుల్లి వాసన ముక్కులు బద్దలయ్యేలా లేచింది. తెల్లటి పొగ కప్పుకు తగిలి, చల్లటి రాతి మీద పిండి చల్లినట్టు పేరుకుంది. హంపాచారి దగ్గాడు, మళ్లీ ఊదాడు.

"చాలు, లేయ్," అన్నాడు సోమాచారి.

"చుక్క కారలే," అన్నాడు వాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. రాగి కోసం ఊదుతున్నాడు, ఉండిపోవడానికే ఊదుతున్నాడు. ఇంకో రెండు ఊదులకు గొట్టం చేతిలోంచి జారింది. వాడు పక్కకు ఒరిగిపోయాడు.

సోమాచారి నిప్పును కాలితో తన్నాడు. బొగ్గులు గోడకు కొట్టుకుని చెదిరాయి, పాదం చుర్రున కాలింది. తోలు తిత్తిలో నీళ్లతో తువ్వాలు తడిపి, మిగిలినవి బొగ్గుల మీద గుమ్మరించి, ఆ తువ్వాలు తమ్ముడి ముఖానికి చుట్టి, జబ్బలు పట్టుకుని చీలికలోకి ఈడ్చాడు. పొగ వెంటే వచ్చింది. గొంతులో కారం పోసినట్టయింది. వెనక్కి పాకుతూ ఒక్కో బార లాగుతుంటే మోచేతులు చెక్కుకుపోయాయి. చివరికి మొహానికి గాలి తగిలింది. తాడు తమ్ముడి నడుముకు బిగించి ఊపాడు.

"బయ్యన్నా, లాగు. వాణ్ణి ముందు లాగు."

పొద్దు వాలేసరికి హంపాచారి రెండుసార్లు వాంతి చేసుకుని కళ్లు తెరిచాడు. "రాగి కాదా అన్నా?"

సోమాచారి మొలలో కట్టుకున్న ముక్కలు తీసి కోనలోకి విసిరేశాడు. "సుత్తి దెబ్బకే అనుమానమొచ్చిందిరా. రాగి కాదనిపించినాకనే నిన్ను కూర్చోబెట్టినా. ఊదితే ఏమన్నా కారుతుందేమోనని. నువ్వు పోతావని భయం." ఆ మాటతో ఏడ్చేశాడు.

బయ్యన్న తాడు చుట్టుకుంటూ దూరంగా జరిగాడు.

"కొలిమి ఉండాదన్నావు, రాగి ఉండాదన్నావు," అన్నాడు హంపాచారి. "నాకోసం ఉండరా అని ఒక్కమాట అడగలేదే. అడిగుంటే ఉండేవాణ్ణి."

"ఇప్పుడడిగితే?"

హంపాచారి లేవబోయాడు, కాళ్లు నిలవలేదు. అన్న భుజం పట్టుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడొద్దులే అన్నా," అన్నాడు. "లారీలు పోయే రోడ్డు దాకా పట్టుకో, చాలు."