అసలా, అదనమా

కుంకుడు నురగ మీద ఒక్క బుడగ కూడా లేవలేదు. నూకరత్నం బ్రష్షు మళ్లీ ముంచి, రబ్బరు గొట్టం ఇంజనులోకి దూరే చోట ఇంకో పూత పూసింది. గాలి కారితే నురగ ఉబ్బుతుంది. ఉబ్బలేదు. ఇంటి దగ్గర చేసిన పనిలో ఇంత గట్టి బిగింపు ఆమె చాలాకాలంగా చూడలేదు.

"ఎవరు బిగించారు?"

"మా మరిదండి," అంది జీపు నడిపే సన్యాసమ్మ. "సైకిలు ట్యూబు కోసి లోపల సుట్టినాడు, దాని మీద బిగించినాడు. ఏటి, తప్పా?"

"బిగింపు తప్పు కాదు. బిగించడమే తప్పు."

మరిది భీమన్న పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పాత లారీ ఒకటి లోయలో పడి తుప్పు పడుతుంటే ఇంజనులోకి గాలిని ఒత్తి తోసే దాని టర్బో ఊడదీసి, జీపుకి తగిలించిన ఘనుడు ఇతనే. ముఖంలో భయం లేదు. తన పనిని పరాయి మనిషి తడిమి చూస్తుంటే కలిగే చిరాకు మాత్రం ఉంది.

"ఊపిరి కొలతకి మించి ఉంది," అంది కాటా. "భాగాన్ని గుర్తించండి. అసలా, అదనమా?"

ఊపిరికాటా గొంతుకి ఎత్తూ పల్లం లేదు. చక్రాల కింద ఇనప పలక, ఇంజను మూతికి తగిలించిన గొట్టం, స్తంభం మీద ఒక గాజు కన్ను. అంతే కాటా అంటే. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కే ప్రతి బండీ ఏడాదికోసారి దాని మీద నిలబడాలి.

పెట్రోలు పోయి చెరకు ఇంధనం వచ్చాక శ్వాస మండలి ఇంధనాన్ని కొలవడం మానేసింది. ఇంధనం ఎవడైనా పెరట్లో కాచుకోగలడు. గాలి లేకుండా మాత్రం ఏదీ మండదు. అందుకని గాలికి కొలత పెట్టింది. ఇంజన్లని సన్నగొంతుతో తయారు చేయించింది. గొంతులో కాపరి అనే చిన్న యంత్రాన్ని కూర్చోబెట్టింది. ఏ ఇంజను ఎన్ని లీటర్లు పీల్చిందో కాపరి లెక్కపెడుతుంది, కాటా అడిగినప్పుడు చెబుతుంది. లీటరు ఎక్కడైనా లీటరే అన్నారు. ఆ కొలత కట్టింది సముద్రం పక్కన, బల్లపరుపు రోడ్డు మీద. కొండ మీద గాలి పలచనని వాళ్లకి తెలియక కాదు. లెక్కలోకి రావాల్సిన మనుషులు అక్కడెవరూ లేరనుకున్నారు.

లెక్క మించిన బండిలో ఏ భాగం దోషో కాటాకి తెలియదు. అది చెప్పడానికి మనిషి కావాలి. ఆ మనిషిని నోటిసాక్షి అంటారు. సాక్షి ఇంజను మీద చెయ్యి పెట్టి, ముందు లోపం కనిపెట్టి, తర్వాత ఆ భాగం అసలో అదనమో నోటితో చెప్పాలి. అదనం అంటే కాపరి గొంతు మూసేస్తుంది. ఇక ఆ ఇంజను తెరుచుకోదు. ముందు వైద్యం, ఆ తర్వాత ఉరి. యంత్రమే అన్నీ చెయ్యగలిగిన కాలంలో ఈ మనిషెందుకంటే, రేపు ఏదైనా తేడా వస్తే పట్టుకోవడానికి మండలికి ఒక మెడ కావాలి.

ఇక్కడి మెడ నూకరత్నానిది.

"బండికి ఏమవుతోంది?" అని అడిగింది.

"కింద బాగానే ఎల్తాదండి. ఎక్కుడు మొదలయ్యాక ఈల ఏస్తాది, పరిగెడతాది. పెద్దమలుపు కాడికి వొచ్చేసరికి గింజుకుంటాది. ఎవులో ఎనక నుంచి లాగినట్టు. ఒగ్గీసి మళ్లీ లాగినట్టు. ఎనకాల తెల్లపొగ."

"తెల్లపొగ కాదు వదినా, నీలం," అన్నాడు భీమన్న.

"నీకు రంగులు బాగా తెలుసు, బాగుసెయ్యడం తెలీదు."

నూకరత్నం జీపు కిందికి దూరి పలక మీద వెల్లకిలా పడుకుంది. పొగ సంగతి వెంటనే దొరికింది. టర్బోలోంచి వాడిన నూనె కిందికి జారిపోయే గొట్టం మధ్యలో ఉయ్యాలలా వేలాడి, మళ్లీ పైకి లేచింది. నూనె ఎగువకి పాకదు. వెనక్కి తన్ని ఇంజనులోకే కారి మండుతోంది.

"గొట్టం ఇంత పొడుగెందుకు ఉంచావయ్యా?"

"కోత్తే మళ్లీ దొరకదని."

"కోసెయ్. తిన్నగా దిగాలి."

అతను రంపం తెచ్చుకుని కోశాడు. కోస్తూ గొణుక్కున్నాడు. పొగ మానేసింది. గింజుకోవడం మాత్రం మానలేదు. నూకరత్నం ఇంజను గట్టిగా రేపించి విన్నది. ఈల పెరిగింది, ఇంకా పెరిగింది, ఎక్కడా తగ్గలేదు. చివరికి కాపరి ఇంధనం కట్ చేసింది, జీపు మొత్తం ఒక్క కుదుపు కుదిపింది. ఒత్తిడి హద్దు మీరితే ఇంజను పేలకుండా కాపరి చేసే పని అది. మరి హద్దు ఎందుకు మీరుతోంది? ఒత్తిడి పెరగ్గానే టర్బో పక్కనున్న చిన్న తలుపు తెరుచుకుని పొగని పక్కదారి పట్టించాలి. ఆ తలుపుని నెట్టే ఊచ ఉంటుంది. నూకరత్నం చెయ్యి ఆ ఊచ కోసం వెతికింది.

చేతికి ఊచ తగల్లేదు. మెత్తటిదేదో తగిలింది.

లైటు వేసి చూసింది. ఊచ చుట్టూ దారాలు. పసుపు దారాలు, ఒకదాని మీద ఒకటి, పిడికిలంత లావున. నూనె పీల్చి బిర్రబిగిశాయి. మధ్యలో ఒక పసుపు కొమ్ము ఊచకీ దాని పట్టీకీ నడుమ మేకులా దిగింది.

"ఇదేంటి?"

భీమన్న వదిన వైపు చూశాడు. సన్యాసమ్మే చెప్పింది. "కొత్త పండగ నాడండి. కొత్త ధాన్యం తినీసినాక బండికి దండం ఎట్టుకున్నాం. ఇంటికో దారం కట్టినారు. ఊరందరి బండి కదా."

"కట్టడానికి ఇంకెక్కడా చోటు లేదా? అద్దానికి కట్టుకోవచ్చుగా?"

"అద్దం కొత్తది కాదు కదండి. కొత్తది ఇదే. అందరూ దీనికే కడతామన్నారు. కుదిరినంత లోపలికి ఎట్టి కట్టినాం, ఊడిపోకుండా."

"ఊడిపోలేదు," అంది నూకరత్నం.

భీమన్నకి నవ్వొచ్చింది. వదిన చూసింది. ఆపేశాడు.

నూకరత్నం దారాలని తెంపకుండా, ముళ్లు ఒక్కొక్కటే విప్పింది. తెంపితే పని తొందరగా అయ్యేది. విప్పినవన్నీ సన్యాసమ్మ కొంగులో పోసింది. ఊచ కదిలింది. ఇంజను మళ్లీ రేపించారు. ఈల లేచి, ఒక ఎత్తుకి చేరి, అక్కడ నిలబడింది. కుదుపు లేదు. పొగ లేదు. సన్నగొంతు ఇంజను ఛాతీ నిండా గాలి పీలుస్తోంది.

"లోపం తొలగింది," అంది కాటా. "ఊపిరి ఇప్పటికీ కొలతకి మించే ఉంది. భాగం అసలా, అదనమా?"

వైద్యం అయిపోయింది.

సన్యాసమ్మ బతిమాలలేదు. కొంగులో దారాలు పట్టుకుని నిలబడింది. "ఒక్క మాట సెప్తానండి, ఆ తర్వాత మీరు సెప్పండి. పోయిన వానల్లో ఇదే బండి, టర్బో లేనప్పుడు, పెద్దమలుపు కాడ నిలబడిపోనాది. లోపల నొప్పులు పడతా మనిషుంది. డోలీ కట్టి మోసినాం. కొండ మీది ఆసుపత్రికి సేరినాక తల్లి బతికినాది. పిల్ల బతకలేదు. ఇప్పుడు ఈడి పెళ్లానికి నెలలు నిండినాయి. బండి లేకపోతే మళ్లీ డోలీయే."

"మోస్తాం," అన్నాడు భీమన్న మొండిగా. "మోయడం మాకేటి కొత్తా?"

"నువ్వు నోరుముయ్యి."

నూకరత్నం చెయ్యి ఇంజను మీదే ఉంది. అరచేయి కాలుతోంది. ఆ చెయ్యి అక్కడుండగా ఆమె నోరు చాలా ఇంజన్ల గొంతు మూసింది. అన్నిటికీ ఇదే మాట, ఇదే స్వరం. ఆమె చెడ్డది కాదు. అడిగినదానికి జవాబు చెప్పేది. మండలి చేసిన పెద్ద తెలివైన పని అదే. చెడ్డవాళ్ల అవసరం లేకుండా చేసుకుంది.

ఇంకో తెలివైన పని కూడా చేసింది. ఒక కాటా మీద సాక్షి అన్న మాట అన్ని కాటాలకీ పాకుతుంది. అలాంటి భాగానికి అప్పట్నుంచి అదే తీర్పు, మళ్లీ మనిషిని అడగక్కర్లేదు. ఆ మాట చెరిపెయ్యాలంటే ఇంకో సాక్షి ఇంకో ఇంజను మీద చెయ్యి పెట్టి దానికి ఎదురుమాట చెప్పాలి. ఆఫీసులో కూర్చుని చెరిపే వీలు లేదు. మెడ ఎప్పుడూ సాక్షిదే అయ్యుండాలని అలా కట్టారు.

టర్బో తగిలించుకున్న కొండబండ్లు ఇంతవరకు ఏ కాటా మీదికీ రాలేదు. దాక్కుని తిరిగేవి. తెచ్చి నిలబెట్టిన పిచ్చివాళ్లు వీళ్లే.

"అసలా, అదనమా?"

"అసలు," అంది నూకరత్నం.

కాటా ఆగింది. అది ఆగడం ఆమె ఎప్పుడూ వినలేదు. "ఈ భాగం తయారీలో లేదు. కారణం చెప్పండి."

"కొండ మీద లీటరు చిన్నది. ఇది లేకపోతే ఈ బండి ఎక్కదు. ఎక్కని జీపు కొండ మీద జీపు కాదు, కోళ్లగూడు. లేకపోతే పని జరగనిది అదనం ఎలా అవుతుంది? అసలు. రాసుకో."

"కొండ బండ్లన్నిటికీ వర్తించాలా?"

ఈ ప్రశ్న వస్తుందని ఆమెకి తెలుసు. చెయ్యి తీసెయ్యొచ్చు. ఈ ఒక్క బండికే అని తప్పించుకోవచ్చు. అప్పుడు ఉద్యోగం మిగలొచ్చు కూడా.

"అన్నిటికీ."

కాటా గొట్టం ఇంజను మూతిని వదిలింది. గేటు లేచింది. సన్యాసమ్మకి ఇంకా నమ్మకం కుదరలేదు. "ఎల్లమంటారా?"

"ఎక్కండమ్మా. దారాలు ఈసారి అద్దానికి."

జీపు ఈల వేసుకుంటూ ఘాట్ వైపు తిరిగింది. భీమన్న కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అరిచాడు. కృతజ్ఞతలాంటిదేమీ కాదు. కోయించిన గొట్టం ముక్క తనకిచ్చెయ్యమని.

నూకరత్నం చేతులు తుడుచుకునేలోపే మండలి నుంచి ఫోను.

"ఏంటమ్మా నూకరత్నం గారూ, తెలిసే అన్నారా?"

"తెలిసే అన్నాను సార్."

"వెనక్కి తీసుకోండి."

"నా మాట నేను వెనక్కి తీసుకునే ఏర్పాటు మీరు పెట్టలేదు కదండీ."

అవతల మనిషి కాసేపు ఊపిరి పీల్చాడు. అతని ఊపిరికి కొలత లేదు. "రేపటి నుంచి మీరు రానక్కర్లేదు," అన్నాడు. ఆమె సరేనంది. అతనికి అది చాలలేదు. ఆమెని తీసెయ్యడం తేలిక, మాట మాత్రం కాటాల్లో ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం మండలి కొండదారుల్లో ఉన్న కాటాలన్నిటికీ ఫోన్లు చేసింది. పెద్ద పనేం కాదు. ఎవరో ఒక సాక్షి ఏదో ఒక కొండజీపు మీద చెయ్యి పెట్టి 'అదనం' అంటే చాలు. అంతా యథాప్రకారం. చింతపల్లి సాక్షి టీకి వెళ్లాడన్నారు, సాయంత్రం దాకా తిరిగి రాలేదు. పాడేరు సాక్షికి గొంతు పోయిందట, సైగలతో జవాబిచ్చాడట, ఫోన్లో. అరకు సాక్షి చేతికి కట్టు కట్టుకుని కూర్చుంది. చెయ్యి లేనిదే మాట చెల్లదని మండలి రూలే మండలికి చదివి వినిపించింది.

రంపచోడవరం సాక్షి మాత్రం మొదటి రింగుకే ఫోను ఎత్తింది. ఎత్తి, మర్యాదగా మొత్తం విన్నది.

"ఎదురుగానే బండ్లున్నాయండీ, బారు తీరి," అంది. "చెయ్యి కూడా పెట్టి చూశాను. అదనం ఒక్కటీ కనపడలేదు సార్. మీరొచ్చి చూపిస్తారా?"